అయిదు వేల అడుగుల ఎత్తున నేల

గ్యూస్ట్రో,
4 అక్టోబర్ 1993

గౌరవనీయులైన ఓనో హార్మ్స్ గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. నా పేరు ఫాల్కో రాద్లోఫ్. మీ అమ్మగారు ఇర్మా మా నాన్న హోర్స్ట్‌కి సొంత అక్క. ఆ వరసన మీరు నాకు మేనత్త కొడుకు. ముప్ఫై రెండేళ్ళు వచ్చాక బావకి మొదటి ఉత్తరం రాస్తున్నాను. అదీ ఆఫీసు కాగితం మీద, మన్నించండి.

వచ్చే నెల మీ ఫాంటమ్ విమానాలు మా స్థావరానికి వచ్చి, వారం రోజులు మా మిగ్-29లతో ఉత్తుత్తి యుద్ధాలు చేస్తాయని నోటీసు పెట్టారు. పైలట్ల జాబితాలో మీ పేరు ఉంది. నాన్నకి చెబితే "వాడు ఇర్మా కొడుకే" అని తోటలోకి వెళ్ళిపోయాడు.

మీకు తెలిసే ఉంటుంది. 1980లో, దేశం ఇంకా రెండు ముక్కలుగా ఉన్నప్పుడు, నన్ను ఫ్లయింగ్ స్కూల్లో చేర్చుకోవాలంటే పశ్చిమాన ఉన్న చుట్టాలతో ఏ సంబంధమూ ఉండకూడదన్నారు. నాన్న అత్తకి "ఇక మాకు ఉత్తరాలు రాయొద్దు" అని ఒక్క వాక్యం కార్డు మీద రాసి పంపాడు. మధ్యనున్న గోడ పడిపోయి నాలుగేళ్ళయింది. రెండో కార్డు ఆయన ఇంకా రాయలేదు. సిగ్గు, అంతే. ఆ కార్డు వల్ల విమానం ఎక్కినవాణ్ణి నేను కాబట్టి ఈ ఉత్తరం నేనే రాయాలనిపించింది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. రెండు ముక్కలూ కలిశాక మా పాత తూర్పు దేశపు వైమానిక దళంలో ఎన్నో వందలమందిని ఇళ్ళకి పంపేశారు. ఉంచుకున్న కొద్దిమందిలో నేనొకణ్ణి, అదీ ప్రొబేషను మీద. మార్చిలో ఒక కమిటీ కూర్చుని నా సంగతి తేలుస్తుంది. ఈలోగా నా ఫైల్లో ఒక్క మరక పడినా నా పని అంతే. నాకు విమానం నడపడం తప్ప ఇంకేదీ చేతకాదు. అందుచేత ఆకాశంలో కలిసినప్పుడు చుట్టరికం చూడను. మన్నించాలి.

విధేయుడు,
ఫాల్కో రాద్లోఫ్


యేవర్,
12 అక్టోబర్ 1993

ఒరేయ్ ఫాల్కో,

"గౌరవనీయులైన" అట! నన్ను చివరిసారి అలా పిలిచింది పళ్ళ డాక్టరు, దవడపన్ను పీకే ముందు. నేను నీ బావని. నువ్వు నా బావమరిదివి. ఇంకోసారి "మీరు" అన్నావంటే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపేస్తాను.

చుట్టరికం చూడవా? ఎవరడిగారు చూడమని! మా ముసల్దాని గురించి ముందే చెప్తాను, తర్వాత మోసం అనకు. ఫాంటమ్ అంటే గడ్డి నింపిన బండికి రెండు రైలింజన్లు కట్టినట్టు. వెనకాల నల్లటి పొగ. ఆ పొగ చూసి మేమెక్కడున్నామో కళ్ళజోడు పోగొట్టుకున్నవాడు కూడా చెప్పేస్తాడు. వేగం తగ్గాక మలుపులో స్టిక్కు పక్కకి లాగావనుకో, ముక్కు నువ్వన్న వైపు కాక రెండో వైపు తిరుగుతుంది. అప్పుడు చేత్తో కాదు, కాళ్ళతో, పెడళ్ళు తొక్కి తిప్పాలి. ఒళ్ళంతా దడదడలాడుతుంది. ఆ దడ ఎంతుంటే వేగం ఎంతుందో నాకు సీటు చెప్తుంది, ముల్లు చూడక్కర్లేదు. వెనక సీట్లో వియార్డ్ కూర్చుని మెడ తిప్పి తిప్పి "వచ్చాడు, వచ్చేశాడు, దాటిపోయాడు" అని వ్యాఖ్యానం చెప్తూంటాడు. వాడి మెడ మా అందరి మెడలకన్నా రెండంగుళాలు లావు.

పొరుగున డచ్చివాళ్ళకి ఎఫ్-16లున్నాయి. వాళ్ళు పడక్కుర్చీలో వాలినట్టు కూర్చుని, కుడిచేతి పక్కనున్న స్టిక్కుని వేళ్ళతో ఇలా నొక్కుతారు. అలా నొక్కితే చాలు, గిరుక్కున తిరుగుతుంది. చూస్తే కడుపు మండుతుంది. అయినా వాళ్ళని రెండుసార్లు కొట్టాను. నేను ఇంతవరకు కొట్టనిది మిగ్-29 ఒక్కటే. పదేళ్ళు దాని బొమ్మ మా గది గోడమీద పెట్టుకుని, ఎక్కడ కొట్టాలో కంఠతా పట్టించారు మాకు. వచ్చే మే 17కి నాకు నలభై ఒకటి. ఆ వయసు రాగానే మా పైలట్లందరినీ విమానం దించేస్తారని నీకు తెలుసుగా. దిగిపోయేలోగా ఒక్క మిగ్ కావాలి నాకు.

మా పద్ధతులు రెండు గుర్తుపెట్టుకో. అయిదు వేల అడుగుల ఎత్తుని నేల అనుకుంటాం. దాని కిందికి దిగినవాడు నేలకి గుద్దుకుని చచ్చినట్టే లెక్క. రెండోది, పోరు అయ్యాక అందరం ఒక గదిలో కూర్చుంటాం. హోదాలు తలుపు బయటే. ఎవడి తప్పు వాడే ముందు చెప్పుకోవాలి.

పందెం: ఓడినవాడు అమ్మమ్మ (నీకు నాయనమ్మ) చేసే గసగసాల కేకు తన చేత్తో చేసి మెస్సులో పెట్టాలి. పెళ్ళాల సాయం చెల్లదు.

అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. కార్డు మాట రాగానే లేచి వెళ్ళి టీ పెట్టింది. పదమూడేళ్ళయినా ఆ కార్డు సొరుగులోనే ఉందిరా.

నీ బావ,
ఓనో


గ్యూస్ట్రో,
25 అక్టోబర్ 1993

బావా,

"నువ్వు" అని రాయడానికి రెండు కాగితాలు చించాను. మూడోది ఇది.

మా మిగ్ ముచ్చట చెప్తాను విను. నేను మొదట నేర్చుకున్నది మిగ్-21 మీద. అది బాణం. సూటిగా పోతే దాన్ని పట్టేవాడు లేడు. గట్టిగా ఒక మలుపు తిప్పావా, వేగమంతా అక్కడే కారిపోతుంది. కాక్‌పిట్‌లోంచి వెనక ఏముందో చూడాలంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. 29 అలా కాదు. ముక్కు ఆకాశానికి ఎత్తి, వేగం చచ్చిపోయిందనుకున్న చోట కూడా చెప్పినమాట వింటుంది. స్టిక్కు మాత్రం బరువు. మీ డచ్చివాళ్ళలా వేళ్ళతో కాదు, భుజంతో లాగాలి. దిగేసరికి కుడిచెయ్యి కూలిపని చేసినట్టుంటుంది. హెల్మెట్‌లో ఒక చిన్న గాజుముక్క ఉంది, దాంట్లోంచి నేను ఎటు చూస్తే క్షిపణి అటు చూస్తుంది. విమానం తిరిగేలోగా తల తిప్పితే చాలు. దీని లోపం ఒక్కటే, తాగుబోతు. ఇంధనం చూస్తూండగా అయిపోతుంది. కబుర్లకి టైముండదు.

ఈ ఏడు దీంట్లో ఎత్తు, వేగం చూపే గడియారాలన్నీ మార్చేశారు. మేం పదేళ్ళు మీటర్లలో ఎగిరాం, ఇప్పుడు మీలాగా అడుగులు. తొడమీద కట్టుకునే అట్ట మీద లెక్క రాసుకున్నాను, 1500 మీటర్లంటే 5000 అడుగులు అని. ఇంట్లో మా ఆవిడ కెర్‌స్టిన్ నన్ను పరీక్ష చేస్తోంది. ఉప్పు అందించమంటే ముందు "రెండు వేల మీటర్లు?" అంటుంది. ఆరు వేల ఆరు వందలు అని చెప్పాకే ఉప్పు.

నీ గది ఆచారం మాత్రం నాకు మింగుడుపడలేదు. మా రోజుల్లో ఎవడైనా తప్పు ఒప్పుకుంటే అది వాడి ఫైల్లోకెక్కేది, చచ్చేదాకా దిగేది కాదు. అందుకని అందరం అంతా సవ్యంగా జరిగిందనే చెప్పేవాళ్ళం. నాలిక్కి అదే అలవాటు.

పందెం ఒప్పుకున్నాను. గసగసాలు కొనిపెట్టుకో.

ఫాల్కో


యేవర్,
22 నవంబర్ 1993

నా గుండెలు తీసిన బంటూ,

కేకు నేను చేశాను, తిన్నవాళ్ళంతా బతికే ఉన్నారు. అమ్మమ్మ రాసిచ్చిన కాగితం పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చేశాను. పాలలో ఉడికించు అంది, ఉడికించాను. తేనె వెయ్యి అంది, వేశాను. తీరా చూస్తే ఇసుక నమిలినట్టుంది. వియార్డ్ ఒక ముక్క తిని గంటసేపు పళ్ళు కుట్టుకున్నాడు. అమ్మ వాసన చూసి "ఇది కాదు" అని పక్కన పెట్టింది. ఎక్కడ పోయిందో తెలీదు.

ఇక గురువారం సంగతి. ఇరవై వేల అడుగుల దగ్గర ఎదురెదురుగా దాటుకున్నాం కదా. నేను అనుకున్నది అనుకున్నట్టే చేశాను. నీతో మలుపుల్లోకి దిగకుండా నిటారుగా పైకి పోయాను. ఎక్కడం, దూకడం, మళ్ళీ ఎక్కడం. నీకు ఇంధనం అయిపోయేదాకా ఇలాగే ఆడిద్దామని నా ఎత్తు. మూడోసారి పైనుంచి చూస్తే నీ విమానం గాల్లో ఆగిపోయి, ముక్కెత్తి నన్నే చూస్తోంది. అలా ఎవరాగుతార్రా! ఒళ్ళు మండి నీతోపాటు తిరిగాను. అదే తప్పు. గదిలో అందరి ముందూ చెప్పాను కూడా: "నలభై ఏళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు." తల ఇసుకబస్తా అయింది, ముసల్ది దడదడలాడుతోంది, ఇద్దరం సుడి తిరుగుతూ కిందికి దిగుతున్నాం. నువ్వు మా పొట్టకిందకి మాయమైపోయావు. తర్వాత రేడియోలో "బావా, కాల్చేశాను!" అని కేక. స్థావరమంతా విన్నది. ఇప్పటికీ నన్ను ఇక్కడ అందరూ బావా అనే పిలుస్తున్నారు.

చాలా బాగా ఎగురుతావు. మనసులో మాటే చెప్తున్నాను.

ఒక్కటి అడుగుతాను. ఆ ఆఖరి మలుపు నీ సీట్లోంచి ఎలా కనపడింది? నా కింద ఉన్నప్పుడు ఎంత ఎత్తులో ఉన్నావు? తీరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయి.

ఓనో


గ్యూస్ట్రో,
6 డిసెంబర్ 1993

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. కేకు సంగతి చదివి కెర్‌స్టిన్ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇక్కడ మంచు పడుతోంది. విమానాలు బయటికి తియ్యడం తక్కువే. మా కమాండర్ మీ పశ్చిమపు బవేరియావాడు, మంచివాడే. కమిటీ తేదీ మార్చి 21 అని ఖాయం చేశారు. నా కాగితాలు ఇంతవరకు శుభ్రంగా ఉన్నాయని గుమస్తా చెప్పాడు. కెర్‌స్టిన్ అప్పుడే కొత్త కర్టెన్ల గుడ్డ చూసి వచ్చింది, ఉద్యోగం ఖాయమయ్యాకే కుట్టిస్తుందట.

ఆఖరి మలుపులో ఎత్తు ఎంతో నాకు సరిగా గుర్తు లేదు. అంతా క్షణాల్లో జరిగిపోయింది. మీకు తెలియనిదేముంది.

అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పండి.

ఫాల్కో


యేవర్,
15 జనవరి 1994

ఫాల్కో,

మళ్ళీ "మీరు" ఎక్కింది. పైగా "గారు" కూడా. ఉత్తరం తిప్పి పంపేద్దామనుకున్నాను గానీ విప్పేశాను, ఏం చేస్తాం.

నీకొక కథ చెప్తాను. 1981లో నేను స్టార్‌ఫైటర్ నడిపేవాణ్ణి. దానికి రెక్కలుండవు, రెండు చాకులుంటాయి. ఒక మలుపు తిరగాలంటే ఒక జిల్లా కావాలి. కొంచెమైనా చురుగ్గా తిప్పాలంటే రెక్కల వెనక ఫ్లాపులు కాస్త దించాలి, వేగం పెంచేముందు మళ్ళీ ఎత్తెయ్యాలి. ఒక డచ్చి ఎఫ్-16 వెంటపడితే నేను ఫ్లాపులు దించి తిప్పాను, వాణ్ణి తప్పించుకున్న ఆనందంలో ఎత్తడం మర్చిపోయి పూర్తి వేగంతో పరిగెత్తాను. దిగాక చూస్తే ఒక ఫ్లాపు వంకర పోయింది. చీకటి షెడ్డు, మెకానిక్కులు భోజనానికి పోయారు, ఎవరూ చూడలేదు. గదిలోకి వెళ్ళేదాకా మెట్టు మెట్టుకీ నాకొక కొత్త అబద్ధం తట్టింది.

చివరికి నోరు తెరిచి నిజమే చెప్పాను. నెల్లాళ్ళు నా కోటు మేకుకి ఒక వంకర చెంచా వేలాడదీశారు. అయితే ఆ సాయంత్రమే మిగతావన్నీ తనిఖీ చేస్తే ఇంకో రెండింటికి అలాగే వంగి ఉంది. ఆ ఇద్దరూ నోరు మెదపలేదు. అందులో ఒకదాన్ని మర్నాడు పొద్దున్న నేనే ఎక్కాల్సి ఉంది.

అంతే కథ. చెంచా ఇంకా నా దగ్గరే ఉంది.

ఓనో


గ్యూస్ట్రో,
9 ఫిబ్రవరి 1994

బావా,

మూడు వారాలు నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకు తిరిగాను. ఇవాళ చెప్పేస్తున్నాను.

ఆ ఆఖరి మలుపులో నేను నేల దాటేశాను. నీ వెంట కిందికి దిగుతూ ఎత్తు చూశాను. ముల్లు అయిదు వేల మీద ఉంది. అయిదు వేలా, బోలెడు జాగా ఉందిలే అనుకున్నాను. తొమ్మిది రెట్ల బరువు మీద పడుతూంటే బుర్ర అడుగులు మర్చిపోయి మీటర్లలోకి వెళ్ళిపోయింది. పదేళ్ళు అయిదు వేలు అంటే మబ్బులపైన హాయిగా ఉండే ఎత్తు నాకు. తొడమీద అట్ట ఉంది, చూసే తీరికెక్కడిది! ఇంకా ఏడొందల అడుగులు దిగి, అక్కడ్నుంచి ముక్కెత్తి నిన్ను కాల్చాను. తిరిగి వచ్చేటప్పుడు తట్టింది.

గదిలో నువ్వు నీ తప్పు చెప్పి అందర్నీ నవ్వించాక నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. "అంతా సవ్యంగా జరిగింది" అని వచ్చింది. నా నోటితో మా పాత రెజిమెంటు మాట్లాడింది.

కమాండర్‌కి చెప్తాను. కమిటీకి ముందే చెప్తాను. పంపేస్తే పంపేస్తారు. మా మావగారి నర్సరీలో మొక్కలకి నీళ్ళు పోస్తాను. కెర్‌స్టిన్‌కి రాత్రే చెప్పాను. కాసేపు ఏడ్చి, తర్వాత "కర్టెన్లు పాతవే ఉంటాయి, నువ్వు మాత్రం నిద్రపో" అంది. భయంగా ఉంది బావా. చాలా భయంగా ఉంది.

ఫాల్కో


యేవర్,
12 ఫిబ్రవరి 1994

మా నాయనే,

నాకు తెలుసురా. నువ్వు మా పొట్టకిందకి పోయినప్పుడు మా ముల్లు అయిదు వేల ఒక వంద మీద ఉంది. "వీడెక్కడ్నుంచి వస్తున్నాడు, సముద్రంలో ఈదుకుంటూనా?" అన్నాడు వియార్డ్. గదిలో నీకేసి మూడుసార్లు చూశాను. నువ్వు నీ బూట్లకేసి చూసుకుంటున్నావు. వియార్డ్ నోరు నేనే మూయించాను, వాడే చెప్తాడులే అని.

ఆ పని నేను చెయ్యకుండా ఉండాల్సింది. నీ మార్చి కమిటీ గుర్తొచ్చి ప్రేమకొద్దీ చేశాను. కానీ రేపు నిజం నేల దగ్గర నీ బుర్ర మీటర్లలోకి జారితే నా ప్రేమ నిన్ను ఆపదు కదా. అది తట్టినప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. చెంచా కథ రాసి వదిలేశానే గానీ, ఇంకో వారం చూసి నేనే వచ్చి నీ చెవి పట్టుకుందామనుకున్నాను.

ఇరవై ఒకటో తేదీ సోమవారం పొద్దున్న పదింటికి నువ్వు మీ గదిలో చెప్పు. అదే పదింటికి నేను మా గదిలో, చూసి కూడా దాచానని చెప్తాను. ఇద్దరం ఒకేసారి చీవాట్లు తిందాం, ధైర్యంగా ఉంటుంది.

నీ బావ,
ఓనో


గ్యూస్ట్రో,
22 మార్చి 1994

బావా! బావా! బావా!

ఉంచుకున్నారు!

మొదట్నుంచీ చెప్తాను. ఆ సోమవారం గదిలో లేచి నిలబడి చెప్పేశాను. కమాండర్ పెన్సిలు కింద పెట్టి, నన్ను కాదు, మిగతావాళ్ళని చూసి "ఇంకెవరికైనా ఇలా అయిందా?" అన్నాడు. తర్వాత వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. ఇంకోటి. ఇంకోటి. ముగ్గురూ మా పాత మీటర్లవాళ్ళే. ఒకాయన మబ్బుల్లో దిగుతూ రెండుసార్లు ఇలాగే చేశాడట, పెళ్ళానికి కూడా చెప్పలేదు. కమాండర్‌కి చెమట పట్టింది. వారం తిరక్కుండా అన్ని విమానాల్లో ఎత్తు చూపే గడియారం మీద అయిదు వేల దగ్గర ఎర్రగీత పెట్టారు. మమ్మల్ని నలుగుర్నీ మళ్ళీ బడిపిల్లల్లా కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. నా కోటు మేకుకి ఎవడో వడ్రంగి మీటరు బద్ద వేలాడదీశాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

నిన్న కమిటీ. నా ఫైల్లో అన్నిటికన్నా పైన నేను రాసిచ్చిన కాగితమే ఉంది. ఛైర్మన్ రెండుసార్లు చదివి "ఇది నువ్వే రాశావా, ఎవరైనా రాయించారా?" అన్నాడు. "నేనేనండీ" అన్నాను. "అయితే వెళ్ళి పని చూసుకో" అన్నాడు. పని ఉన్నట్టా పోయినట్టా తెలీక అక్కడే నిలబడిపోయాను. గుమస్తా చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చి, "ఉంచుకున్నారయ్యా బాబూ, కదులు" అన్నాడు. కెర్‌స్టిన్ కర్టెన్లు కుట్టిస్తోంది. పసుపువి.

ఇక అసలు సంగతి. నేల దాటినవాడు చచ్చినట్టే కదా. నేను చచ్చాక నిన్ను కాల్చాను. చెల్లదు. రెండు స్థావరాల పుస్తకాల్లోనూ ఆ గురువారం కొట్టేసి తిరగరాశారు: ఫాంటమ్ గెలుపు. నీకు మిగ్ దొరికింది బావా! మే 17న నాకు డ్యూటీ, రాలేను. కేకు మాత్రం వస్తుంది. నాన్న దగ్గర నాయనమ్మ చేతిమర ఉంది. గసగసాలు ఉడికించేముందు దాంట్లో విసరాలట. అది కాగితం మీద ఎందుకు లేదంటే, ఆ మాత్రం తెలియనివాళ్ళుంటారని ఆవిడ అనుకోలేదట.

నీ చచ్చిన బావమరిది,
ఫాల్కో


యేవర్,
19 మే 1994

ఒరేయ్ నా ఒక్కగానొక్క మిగ్గూ,

మొన్న ఆఖరిసారి దిగాను. ముసల్ది చక్రాలు తాకేటప్పుడు కూడా ఒళ్ళు దడదడలాడించి మరీ వీడ్కోలు చెప్పింది. కిందకి రాగానే మావాళ్ళు ఫైరింజను గొట్టంతో తడిపేశారు. కన్నీళ్ళు ఏవో నీళ్ళు ఏవో ఎవరికీ తెలియలేదు, బతికిపోయాను. మా బోర్డు మీద నా పేరు పక్కన "మిగ్-29: 1" అని రాసి ఉంది. ఆ అంకె నేను ఎగిరి సంపాదించింది కాదు, నువ్వు లేచి నిలబడి ఇచ్చింది. డచ్చివాళ్ళని కొట్టిన ఆ రెండింటికన్నా దాన్ని చూసుకునే నాకు ఎక్కువ గర్వం. ఎవరడిగినా మొత్తం కథ చెప్తున్నాను.

కేకు పోస్టులో వస్తుందనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి గంట మోగింది. తలుపు తీస్తే పెద్దాయన. ఒక చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో ఇనప చేతిమర. మూడు రైళ్ళు మారి వచ్చాడట. మావయ్యని నేను ఎప్పుడూ చూడలేదు, అయినా ముక్కు చూసి గుర్తుపట్టాను, అది నీ ముక్కే. వెనకనుంచి అమ్మ వచ్చి నిలబడింది. ఆయన లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం బయటే నిలబడి, మన గదిలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి అన్నాడు:

"ఇర్మా, ముందు నా తప్పు చెప్తాను. వాణ్ణి బళ్ళో వెయ్యడానికి ఆ కార్డు రాశాను. అంతవరకు సరే. గోడ పడ్డాక రెండోది రాయలేదు. అది నా తప్పు. అబ్బాయి కమిటీ ముందు నిలబడ్డాడు, నేను నీ ముందు నిలబడలేనా అనుకున్నాను."

అమ్మ ఆయన బూట్లకేసి చూసింది. తర్వాత అంది:

"బూట్లు విప్పి రా. ఇల్లు తుడిచాను."

ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. అమ్మ కేకు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "విసిరింది నువ్వేనా?" అని అడిగింది. "కాదు, ఫాల్కో. నేను పక్కన నిలబడి తిట్టానంతే" అన్నాడు మావయ్య. ఆ చేతిమర ఇప్పుడు మా వంటింటి బల్లకి బిగించి ఉంది. మావయ్య ఇంకా వెళ్ళలేదు, వెళ్తానన్నప్పుడల్లా అమ్మ ఇంకో టీ పోస్తోంది. సొరుగులో కార్డు కోసం ఇవాళ పొద్దున్న చూశాను. లేదు. అమ్మని అడిగితే, పొయ్యి అంటించడానికి కాగితం కావాల్సి వచ్చిందంది.

నీ బావ,
ఓనో